పదిహేడో పేజీ

నేను కట్టుడు పళ్ళు చేసేవాణ్ణి.
తార్తు ఊళ్ళో, రైలు స్టేషను వెనక, రెండో అంతస్తు.
పగలంతా పరాయివాళ్ళ నవ్వులకు కొలతలు తీస్తాను.
రాత్రయితే తెల్ల నూలు చేతొడుగులు తొడుక్కుని
విల్మా ఒర్గుసార్ బొమ్మలు ముందేసుకు కూచుంటాను.

ఆమె వేసిన వాటిలో నాకు కావలసింది ఒక్క పుస్తకమే.
టపా పంచే ముళ్ళపంది కథ.
సంచీ లేదు దానికి, ఉత్తరాలన్నీ వీపు మీదే గుచ్చుకుని
మంచులో ఇల్లిల్లూ తిరుగుతుంది.
అందరి ఉత్తరాలకీ చిల్లులే.

ముప్ఫైరెండు బొమ్మలు.
ఒకటి రీగాలో, ఒకావిడ నేలమాళిగలో బంగాళాదుంపల పక్కన దొరికింది.
ఒకటి కారుకి చలికాలం టైర్లు కొనాల్సిన డబ్బు.
(ఆ ఏడు నడిచే తిరిగాను.)
ఒకదాని మీద టీకప్పు అడుగు గుండ్రంగా, చందమామలా.
ఇంకోటి దీపానికెత్తి చూస్తే
తెల్లరంగు కింద ముళ్ళపందికి ఐదో కాలు,
వేసి, నాలిక కరుచుకుని, కప్పేసింది పాపం.

కింద మూల ప్రతిదానికీ సంతకం.
మొదట్లో ముడేసినట్టు బిగువుగా ఉండేది.
చేయి వణకడం మొదలయ్యాక సంతకం పెట్టించుకున్నవాటి మీద
మొదటి అక్షరం ఒకటే నిలబడుతుంది,
మిగతాదంతా దారపుండ మంచం కిందకి జారిపోయినట్టు.

దొరకనిది పదిహేడోది.
వీధిదీపం కింద ముళ్ళపంది. తలుపు కొడుతోంది, ఇంట్లో ఎవరూ లేరు.
ఎడమ కంటి కింద ఒక్క చుక్క కన్నీరు.
నాకు ఆరేళ్ళప్పుడు, గవదబిళ్ళలతో గొంతు పూడిపోయి,
ఆ చుక్కని చూపుడువేలితో ఎన్నిసార్లు తుడిచానో!
ఆవగింజంత చుక్కలో
ఇంత దిగులు ఎలా పట్టించిందీ మనిషి అని
నలభై ఏళ్ళు.

కిందటి మార్చిలో కబురొచ్చింది, సారేమా దీవి నుంచి.
ఫెర్రీ ఎక్కాను. జేబులో తొమ్మిది వందల యూరోలు, గుండెల్లో డప్పులు.
బడి వంటశాలలో పనిచేసి మానేసిన మైము అనే ఆవిడ,
పొయ్యి పైన, మేకుకి తగిలించి ఉంచింది.
ఎప్పుడో ఒక వేసవిలో
పొగబెట్టిన నాలికచేపలు ఆరు ఇస్తే
విల్మా డబ్బుకి బదులు ఇచ్చిందట.

నూనె జిడ్డు. ఒక మూల మసి.
దీపం, మంచు, మూసిన తలుపు, సంతకం, అన్నీ ఉన్నాయి.
చుక్క లేదు.
అద్దాలు తుడుచుకున్నాను. కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాను.
కాగితం గీకిన జాడ కూడా లేదు.
ముళ్ళపంది మామూలుగా నిలబడి ఉంది,
ఈ ఇల్లు కాదేమో, పక్కిల్లేమో అన్నట్టు.

"కన్నీరేది?" అన్నాను.
"ఏం కన్నీరు?" అంది మైము, చేప బొమికలు ఏరుతూ.

అచ్చుయంత్రం మీద ఎక్కడో ఓ సిరా తుంపర.
ఒకవేళ నా ప్రతిలోనే.

డబ్బు తీసుకోలేదు ఆవిడ.
గోడ మీద పటం ఉన్నచోట తెల్లగా మిగిలిపోతుందని
దానికి అడ్డంగా ఏదైనా ఇమ్మంది.
నా దగ్గరున్నది పళ్ళ మైనం కంపెనీ క్యాలెండరు.
చాలంది. అదే తగిలించింది.
నేనూ సిగ్గుపడకుండా బొమ్మ తెచ్చేసుకున్నాను.

ఇప్పుడు ముప్ఫైరెండూ పెట్టెలో ఉన్నాయి.
పెట్టె తెరిస్తే కాస్త చేపవాసన.
అట్ట ఊడిన నా చిన్ననాటి పుస్తకం బయటే ఉంది,
దాని పదిహేడో పేజీలో ముళ్ళపంది ఇంకా ఏడుస్తూనే ఉంది.
విలువ కట్టేవాడొచ్చి అన్నీ రాసుకున్నాడు,
దాన్ని పక్కకి నెట్టి కాగితం కింద పెట్టుకుని రాశాడు.

మొన్న ఒక ముసలామె పళ్ళు సరిచూసుకోడానికొచ్చింది.
అద్దంలో చాలాసేపు చూసుకుని అంది:
"పై వరసలో ఒకటి కాస్త వంకరగా పెట్టు బాబూ,
మునుపు అలాగే ఉండేది."
ఎటు వైపుకి అని అడిగి
ఆకురాయి తీసుకున్నాను.